చుక్క నీళ్ళు

మా మావగారు చిట్టియ్య గారు అబద్ధమాడే మనిషి కాదు. ఆ డిసెంబరులో మా కొంప ముంచబోయింది కూడా ఆయన చెప్పిన నిజమే. అబద్ధమైతే నేను ఇట్టే పట్టేసేదాన్ని. ఇద్దరు తమ్ముళ్ళతో పెరిగినదాన్ని, అబద్ధం గుమ్మంలో ఉండగానే నాకు వాసన వచ్చేస్తుంది. నిజాన్ని అనుమానించడం మాత్రం నాకెవరూ నేర్పలేదు.

రామచంద్రపురంలో మాది బేకరీ. ఏడాదంతా బన్నులు, బ్రెడ్డు, రస్కులు అమ్ముకుంటాం గానీ మా అసలు పంట డిసెంబరే. మా వైపు క్రిస్మస్‌కి బిస్కెట్లు కొనుక్కోరు, చేయించుకుంటారు. మైదా, పంచదార, నెయ్యి, గుడ్లు అన్నీ ఇంటి నుంచే తెచ్చి, మూత మీద పేరు రాసిన ఖాళీ డబ్బా కూడా ఇచ్చి వెళ్తారు. మేము కలిపి, అచ్చు వేసి, కాల్చి, ఎవరివి వాళ్ళ డబ్బాలో సర్ది ఇవ్వాలి. ఒకరి నెయ్యి ఇంకొకరి బిస్కెట్లో పడిందా, పండగ మాట దేవుడెరుగు, చర్చిలో పక్కపక్కన కూర్చోవడం మానేస్తారు.

ఆ ఏడు వానలకి బిస్కెట్లు కాల్చే మా ఇటుకల బట్టీ కప్పు కూలిపోయింది. మావగారు జన్మంతా సరుగుడు కర్రలు, కొబ్బరి డొక్కలు వేసి మండించిన బట్టీ అది. మళ్ళీ కట్టించుదామంటే కట్టే మేస్త్రి దొరకలేదు. మా ఆయన శ్యాంబాబు ధైర్యం చేసి కరెంటు ఓవెన్ తెచ్చాడు. మూడు అరలు, అర అడుగున రాతి పలక, రాతి కింద ఒక వేడి కడ్డీల వరస, పైన ఇంకో వరస. దాన్ని దించిన రోజున మావగారు ముందు నుంచీ వెనక నుంచీ చూసి, "ఇందులో మంటేదిరా?" అన్నారు. మంట కనిపించని పొయ్యిని నమ్మడం ఆయనకి చేతకాలేదు.

దాన్ని నడపడం నా చేతికొచ్చింది. నేనేమీ మొహమాటపడలేదు. మా నాన్న లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. వేరే ఇళ్ళలో దేవుడికి ఎంత భయపడతారో మా ఇంట్లో కరెంటుకి అంత భయపడుతూ, అంత ప్రేమిస్తూ పెరిగాం. కంపెనీ మనిషి వచ్చి ఒక పూట నేర్పించి వెళ్ళాడు. నేను ఆ పాఠాన్ని రెండో పూటకల్లా మా వాళ్ళందరికీ అప్పజెప్పేశాను. తలుపు తీసేటప్పుడు ఎదురుగా నిలబడొద్దు, పక్కకి జరిగి తీయండి, వేడి ఆవిరి మొహాన కొడుతుంది. ఓవెన్ మీద గోనెసంచులు ఆరేయొద్దు. లోపల శుభ్రం చేయాలంటే మెయిన్ దించి, చల్లారాక, పొడి బ్రష్‌తోనే. నీళ్ళు పోయొద్దు.

"నేనెందుకు పోస్తానమ్మా నీళ్ళు? అది పొయ్యా, బిందా?" అన్నారు మావగారు. అందరం నవ్వాం.

పొద్దున్నే లేవడం ఆయనకి అలవాటు. అందుకని తెల్లవారకముందే షాపు తెరిచి, స్విచ్ వేసి ఓవెన్ వేడెక్కించే పని ఆయనకే వదిలేశాం. ఆ తర్వాత మేడ మీంచి నేను దిగుతాను. పెద్దాయన చేతిలోంచి పొయ్యి మొత్తంగా లాగేసుకున్నట్టు ఉండకూడదని నేనే చెప్పాను ఆ మాట.

నవంబరంతా బాగానే నడిచింది. చలి ముదిరి, డబ్బాలు రావడం మొదలెట్టాక చిక్కు వచ్చింది.

నేను కిందికి దిగేసరికి ఓవెన్ ఆగిపోయి ఉండేది. గోడ మీద పెట్టెలో ట్రిప్పర్ పడిపోయి ఉండేది. కరెంటు వెళ్ళాల్సిన దారిలో వెళ్ళకుండా ఎక్కడైనా పక్కకి కారితే, మనిషికి తగలకముందే సరఫరా ఆపేసే మీట అది. ఎత్తితే నిలబడేది కాదు. చాలాసేపు ఆగి ఎత్తితే నిలబడి, ఇంక సాయంత్రం దాకా పేచీ పెట్టేది కాదు. మర్నాడు పొద్దున్న మళ్ళీ మామూలే.

"మళ్ళీ అలిగిందా మీ ఆడపడుచు?" అనేది మా అత్తగారు సూరమ్మ. ఆవిడ దానికి పెట్టిన పేరు అది. ఎందుకు అలుగుతుందో చెప్పదు, ఎప్పుడు తేరుకుంటుందో చెప్పదు, పండగ పూటే అలుగుతుంది అని.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ పొద్దుటి పని ఆగిపోయేది. కలిపిన పిండి మెత్తబడిపోయేది. గోడ వారగా డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. పాపాయమ్మ గారైతే తన డబ్బా ఎక్కడుందో రోజూ వచ్చి చూసుకుని వెళ్ళేది, ఆసుపత్రిలో పేషెంటుని చూసుకున్నట్టు.

"ఏంటమ్మా తబితా, నా నెయ్యి ఇంకా కరగనే లేదు. మీ వల్ల కాకపోతే చెప్పండమ్మా, మెయిన్ రోడ్డులో కొత్తగా పెట్టారంట కదా, పెద్ద బేకరీ."

"మీ డబ్బా మా దగ్గర పెట్టారంటే కాలినట్టేనండి, పాపాయమ్మ గారూ. అక్కడిస్తే మీ నెయ్యి ఎవరింటికెళ్తుందో నాకు తెలీదు మరి," అన్నాను.

ఆవిడ డబ్బా ముట్టుకోకుండా వెళ్ళిపోయింది. మాటకి మాట చెప్పడం నాకు వచ్చు. కానీ లోపల గుబులుగానే ఉంది. ఒక్క ఏడు డబ్బాలు వేళకి ఇవ్వకపోతే, పై ఏడు అవి మా గుమ్మం తొక్కవు. ఆ సంగతి శ్యాంబాబుకి నాకంటే బాగా తెలుసు. అప్పటికే అతనికి నిద్ర పట్టడం లేదు.

ఎలక్ట్రీషియన్ మణిదీప్‌ని పిలిపించాడు. ఆ నెలలో అతను అయ్యప్ప మాలలో ఉన్నాడు. నల్ల బట్టలు, ఒట్టి కాళ్ళు. మాల వేసుకున్న దగ్గర్నుంచీ నన్ను 'అక్కా' అనడం మానేసి 'మాతా' అంటున్నాడు. మేమూ 'స్వామీ' అనే పిలుస్తున్నాం. చర్చికి వెళ్ళేవాళ్ళం కదా అని ఎవరూ అనుకోలేదు.

పెట్టె విప్పి, మీటర్ పెట్టి, వైర్లు లాగి చూశాడు. ఏమీ దొరకలేదు. అప్పటికి మిట్ట మధ్యాహ్నం, ఓవెన్ బుద్ధిగా పనిచేస్తోంది.

"మంచు మాతా. రాత్రంతా చెమ్మ పడుతుంది. కడ్డీలు ఆ చెమ్మని పీల్చుకుంటాయి. వేడెక్కాక ఆరిపోతుంది. చలికాలం అంతా ఇంతే," అన్నాడు.

వినడానికి సబబుగానే ఉంది. శ్యాంబాబు మొహం విప్పారింది.

"అయితే స్వామీ, ఓవెన్‌లో తప్పేం లేనట్టేగా? ఆ ట్రిప్పర్ తీసేసి డైరెక్ట్ ఇచ్చెయ్యి. పండగయ్యాక మళ్ళీ పెట్టుకుందాం."

"వద్దు," అన్నాను.

"తబితా, అందరూ చేసేదే. మిల్లుల్లో కూడా..."

"మిల్లుల సంగతి నాకు తెలీదండి. ఈ ఓవెన్ ముందు నిలబడేది నేను. అది పడిపోతోందంటే ఎక్కడో కారుతున్నట్టు. కారేచోటు వెతకాలి గానీ, కారుతోందని అరిచేదాని గొంతు నొక్కుతారా?"

మణిదీప్ నా వైపు, అతని వైపు చూసి, తన సంచి సర్దుకున్నాడు. భోజనాల దగ్గర మళ్ళీ అదే గొడవ. శ్యాంబాబు నెమ్మదస్తుడు, గొంతు పెంచడు, కానీ అన్నం కలుపుతూ కలుపుతూ ఆపేశాడు. "ఈ పండగ పోతే బేకరీ పోతుంది. అర్థమవుతోందా నీకు?" అన్నాడు. "అవుతోందండి. అయినా తీయనివ్వను," అన్నాను. అత్తగారు ఇద్దరి కంచాల్లోనూ పప్పు వేసి, ఎవరి పక్షమూ వహించకుండా లేచిపోయింది.

కోరుకొండలో ఉన్న మా నాన్నకి ఫోన్ చేశాను.

"మంచేంటమ్మా, మంచు! మంచైతే ఒక రోజు పడాలి, ఒక రోజు మానాలి. రోజూ ఒకే వేళకి పడుతోందంటే రోజూ ఎవరో ఏదో చేస్తున్నారు. తడి ఎక్కడ తగులుతోందో చూసుకో," అన్నాడు.

అప్పుడు మావగారిని అడిగాను. ఆయన అచ్చులు తుడుచుకుంటూ కూర్చున్నారు.

"మావయ్యగారండీ, పొద్దున్న ఓవెన్‌కి నీళ్ళేమైనా తగులుతున్నాయంటారా? బకెట్టు ఒలకడం గానీ, ఏదైనా?"

ఆయన కాస్త ఆలోచించి మరీ చెప్పారు. "లేదమ్మా. నువ్వు చెప్పావు కదా. చుక్క నీళ్ళు కూడా తగలనివ్వడం లేదు."

ఆయన చెప్పారంటే ఇంక తిరుగు లేదు. నేను పైకప్పు చూశాను, కిటికీ చూశాను, వెనక గోడ చెమ్మ చూశాను. బల్లి మీద కూడా అనుమానపడ్డాను గానీ మావగారి మీద పడలేదు.

పండక్కి ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ రోజు వచ్చింది. సాయంత్రం చర్చిలో పాటలు, చిన్నపిల్లల నాటిక, తర్వాత కేకు, మిక్చరు. నేను పాటల జట్టులో ఉన్నాను. అత్తగారూ మావగారూ నాతోనే వచ్చారు. షాపులో పనుంది, మీరు వెళ్ళండని శ్యాంబాబు ఆగిపోయాడు. నేనేమీ అనుకోలేదు. ఆ మధ్య అతనికి ఎప్పుడూ పనే. మేము తిరిగొచ్చేసరికి అతను పడుకున్నాడు. పడుకున్నాడో, పడుకున్నట్టు ఉన్నాడో.

నాన్న మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. రోజూ ఒకే వేళకి. ఆ వేళేదో నేనూ చూద్దామని మర్నాడు మావగారు లేచిన కాసేపటికే లేచాను. ఆయన వెనక పెరట్లో మొహం కడుక్కుంటున్నారు. నేను మెట్లు దిగి షాపు వెనక గదిలోకి వెళ్ళాను. ఆయన అప్పటికే స్విచ్ వేసి వెళ్ళారు, ఓవెన్ ఎర్ర దీపం వెలుగుతోంది. తలుపు పక్కన నిలబడితే వేడి తెలుస్తోంది.

గోడ మీద పెట్టె మూత సరిగ్గా పడలేదు. తీసి చూశాను. ట్రిప్పర్ ఉంది. దాని కింద నుంచి పైకి కొత్త తీగలు కలిపేసి ఉన్నాయి. ట్రిప్పర్ ఉన్నా లేనట్టే, పడ్డా ఆగదు.

నాకు ముందు కోపమే వచ్చింది. నేను పాడుతున్నంతసేపూ ఈయనగారు ఇక్కడ ఈ పని చేయించాడన్నమాట. పైకి వెళ్ళి దుప్పటి లాగి అడుగుదామని తిరిగాను.

మావగారు లోపలికి వచ్చారు. నన్ను చూడలేదు. పొయ్యి ఉన్నచోట చెప్పులు వేసుకోరు ఆయన, ఏనాడూ వేసుకోలేదు. ఓవెన్ ముందు ఒక నిమిషం కళ్ళు మూసుకుని నిలబడ్డారు. మూలనున్న బకెట్టు ముందుకి లాక్కున్నారు. గోడకి ఆనించి ఉన్న పొడవాటి వెదురు కర్ర తీశారు. దాని చివర గోనెగుడ్డ కట్టి ఉంది. బకెట్టులో ముంచి, పైకి తీసి, రెండు చేతులతో మెలితిప్పి గట్టిగా పిండారు. నీళ్ళు ఆయన పాదాల మీద పడ్డాయి. ఆ పాదాలతోనే వెళ్ళి అడుగు అర తలుపు తెరిచారు.

నా చెయ్యి మెయిన్ స్విచ్ మీద ఉంది. ఎప్పుడు వెళ్ళిందో నాకు తెలీదు. దించేశాను.

ఎర్ర దీపం ఆరిపోయింది.

"ఇదిగో, మళ్ళీ పోయింది," అని గొణుక్కుంటూ మావగారు తుడవడం మొదలుపెట్టారు. వేడి రాతికి తడి గోనె తగిలి సుయ్యిమంది. ఆ మూల నుంచి ఈ మూలకి, ఈ మూల నుంచి ఆ మూలకి, గేదెని కడిగినంత శ్రద్ధగా తుడుస్తున్నారు. రాయి అంచుల సందుల్లోకి తడి దిగిపోతోంది. దాని కిందే కడ్డీలు. నేను స్విచ్ పిడిని రెండు చేతులతో కిందికి పట్టుకునే నిలబడ్డాను. అది దానంతటది లేవదని తెలుసు. అయినా వదల్లేకపోయాను.

ఆయన కర్ర బయటికి తీశాక అడిగాను.

"మావయ్యగారండీ, ఏంటండి అది?"

ఆయన ఉలిక్కిపడలేదు. "నువ్వా అమ్మా? ఇంత పొద్దున్నే లేచావేం? తుడుస్తున్నాను."

"రోజూ తుడుస్తారా?"

"పండగ బిస్కెట్లు మొదలైన దగ్గర్నుంచీ. తుడవకుండా పిండెలా పెడతామమ్మా? అడుగున బూడిద..." ఆగిపోయారు. "బూడిద లేదనుకో. అయినా ఒకసారి తుడిస్తేనే రాయి సమంగా కాలుతుంది. బట్టీ అన్నాక తుడుపు పడాలి కదా."

"నీళ్ళు తగలకూడదని చెప్పాను కదండీ."

"తగలనిచ్చానా?" ఆయన కర్ర నా ముందుకి చాపారు. గోనె నుంచి ఆవిరి లేస్తోంది. "చూడు. చుక్క కారుతోందా? గట్టిగా పిండేశాను. ఇవి నీళ్ళు కాదమ్మా, తడిగుడ్డ."

నాకు నవ్వొచ్చింది. కళ్ళ నీళ్ళూ వచ్చాయి. ఆయన లెక్కలో నీళ్ళంటే పోసేవి, ఒలికేవి, కారేవి. గుడ్డలో ఉన్నది తడి. నేను నీళ్ళ గురించే అడిగాను, ఆయన నీళ్ళ గురించే చెప్పారు. నాన్న ఫోన్‌లో తడి అన్నాడు. నేను దాన్ని నీళ్ళుగా మార్చి అడిగాను. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడుకుంటున్నాం కదా అనుకున్నాను.

"కరెంటుకి ఆ తేడా తెలీదండీ. దానికి తడీ ఒకటే, నీళ్ళూ ఒకటే," అన్నాను. కడ్డీలు ఎక్కడున్నాయో, తడి రాతి సందుల్లోంచి ఎక్కడికి దిగుతుందో వేలు పెట్టి చూపించాను. అక్కణ్ణుంచి ఇనుప తలుపుకి, తలుపు మీది చేతికి, చేతి నుంచి తడిసిన కాళ్ళకి.

ఆయన తన పాదాల వైపు చూసుకున్నారు.

"అయితే ఇన్నాళ్ళూ రోజూ అది పడిపోతున్నది..."

"మీకు తగలకూడదనేనండి."

మావగారు అచ్చుల బల్ల మీద కూర్చుండిపోయారు. "పాపం, దాన్ని మీ అత్త ఆడపడుచంది," అన్నారు చివరికి.

ఆ పెట్టెలో కొత్త తీగల సంగతి నేను ఆయనతో అనలేదు. అది చెప్పాల్సింది నేను కాదు.

పైకి వెళ్ళి శ్యాంబాబుని లేపాను. "ఒకసారి కిందికి రండి," అన్నాను, అంతే. నా మొహంలో ఏం చూశాడో, చొక్కా కూడా వేసుకోకుండా వచ్చాడు. మావగారు అప్పటికి పెరట్లోకి వెళ్ళారు. పెట్టె మూత తెరిచే ఉంది. కింద తడి అడుగులు ఓవెన్ దాకా ఉన్నాయి. గోనెగుడ్డ కర్ర తలుపుకి ఆనించి ఉంది, ఇంకా పొగలు కక్కుతోంది. అతను తీగలు చూశాడు, కర్ర చూశాడు, అడుగులు చూశాడు. మళ్ళీ తీగలు చూశాడు.

"మెయిన్ ఎవరు దించారు?" అన్నాడు.

"నేనే."

మైదా బస్తా మీద కూర్చుని రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. అతని వీపు కదులుతోంది. నాకు జాలి వేసింది, కోపం కూడా తగ్గలేదు. రెండూ ఉన్నాయి నాలో, పక్కపక్కనే. ఓదార్చబుద్ధి కాలేదు. పక్కన నిలబడ్డాను.

"ఈ రోజు ఓవెన్ వెలగదు," అన్నాను.

"సరే," అన్నాడు.

పొద్దెక్కాక జనం వచ్చారు. నేనే షాపు గుమ్మంలో నిలబడ్డాను. "ఈ రోజు కాల్చడం లేదండి. రేపటి నుంచి కాలుస్తాం. అన్ని డబ్బాలూ పండక్కి ముందే ఇస్తాం. నా మాట మీద నమ్మకం లేనివాళ్ళు డబ్బా తీసుకెళ్ళిపోవచ్చు, ఏమీ అనుకోను," అన్నాను. ఇద్దరు తీసుకెళ్ళారు. పాపాయమ్మ గారు తన డబ్బా దగ్గర చాలాసేపు నిలబడి, నన్ను ఎగాదిగా చూసి, "నువ్వింత గట్టిగా చెప్తున్నావంటే ఏదో ఉందిలే," అని డబ్బాని ఇంకాస్త లోపలికి జరిపి వెళ్ళింది. ఆవిడకి క్రిస్మస్ కానుకగా ఓ కేకు నా తరఫున ఇద్దామని అప్పుడే అనుకున్నాను.

మణిదీప్ తల దించుకునే వచ్చాడు. శ్యాంబాబు ఫోన్‌లో అంతా చెప్పినట్టున్నాడు.

"తప్పయిపోయింది మాతా. ఆయన బతిమాలేసరికి..."

"తప్పు సంగతి తర్వాత స్వామీ. ముందు ఆ తీగలు పీకండి. ఎర్త్ కూడా చూడండి. ఓవెన్ వచ్చినప్పుడు ఎవరూ చూసినట్టు లేదు."

తీగలు పీకాడు. ఒక బల్బు తెచ్చి, దాని ఒక కొస కరెంటుకి, ఇంకో కొస ఎర్త్ తీగకి పెట్టాడు. ఎర్త్ బాగుంటే ఆ బల్బు మామూలుగా వెలగాలి. మిణుగురు పురుగులా కూడా వెలగలేదు. కారిన కరెంటు భూమిలోకి దిగిపోవడానికి పెరట్లో ఒక గుంట ఉంటుంది. అందులో బొగ్గు, ఉప్పు వేసి, అప్పుడప్పుడు తడుపుతూ ఉండాలి. మా గుంట మీద ఎప్పుడో పెరడు చదును చేసినప్పుడు సిమెంటు పోసేశారు. కింద ఎండిపోయి రాయిలా ఉంది. అంటే ఓవెన్ ఒళ్ళంతా కరెంటు వస్తే అది దిగడానికి సరైన దారి లేదు, మనిషి తప్ప.

ఆ మాట మణిదీప్ అంటుంటే శ్యాంబాబు లోపలికి వెళ్ళి గునపం తెచ్చాడు. కూలీని పిలుస్తానన్నా వినలేదు. తనే సిమెంటు పగలగొట్టాడు, తనే మట్టి తోడాడు. మణిదీప్ కొత్త బొగ్గు, ఉప్పు వేసి, తీగ బిగించి, గుంటలోకి ఒక గొట్టం దించాడు.

"ఇందులో నీళ్ళు పోస్తూ ఉండాలి మాతా. మరిచిపోకూడదు," అన్నాడు.

మావగారు అప్పటిదాకా అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. లేచి, పంపు దగ్గరికి వెళ్ళి, బకెట్టు నింపుకొచ్చారు.

"అమ్మాయ్, ఇక్కడ నీళ్ళా, తడా?" అన్నారు నాతో.

"నీళ్ళేనండి. ఎన్ని కావాలంటే అన్ని."

ఆయన నవ్వారు. పొద్దుట్నుంచీ అదే మొదటి నవ్వు. బకెట్టు వంచి పోశారు. భూమి గుటగుట తాగేసింది. ఇంకో బకెట్టు తెచ్చారు. పొద్దు వాలుతుండగా మణిదీప్ మళ్ళీ బల్బు పెట్టి చూస్తే ఈసారి పెరడంతా వెలుగు పడింది.

శ్యాంబాబు గుంట పక్కన మోకాళ్ళ దాకా మట్టితో నిలబడి ఉన్నాడు. గునపం చేతిలోనే ఉంది.

"నాన్నా," అన్నాడు. "నిన్న మీరు చర్చికి వెళ్ళాక ఆ ట్రిప్పర్‌కి అడ్డంగా తీగ పెట్టించాను. నేనే పెట్టించాను. పొద్దున్న తబిత లేకపోతే..."

గునపం మట్టిలో గుచ్చాడు.

మావగారు మూడో బకెట్టు పోస్తున్నారు. ఆపలేదు. నీళ్ళు పూర్తిగా ఇంకిపోయేదాకా గొట్టంలోకి చూస్తూ ఉన్నారు. తర్వాత కొడుకు భుజం మీద చెయ్యి వేశారు.

"మీ అమ్మకి మాత్రం చెప్పకురా," అన్నారు.

"విన్నాను," అంది అత్తగారు.

వంటింటి గుమ్మంలో కాఫీ పళ్ళెంతో నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో. పళ్ళెం అరుగు మీద పెట్టింది. మావగారి దగ్గరికి నడిచి, ఆయన చేతిలోని బకెట్టు తీసి కింద పెట్టింది. మా ముందు ఆయన పేరెత్తడానికి కూడా సిగ్గుపడే మనిషి, మా అందరి ఎదురుగా ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. కొంగుతో తుడిచింది. ముందు అరచేతులు, తర్వాత ఒక్కొక్క వేలు, వేళ్ళ సందులు, మణికట్లు. మళ్ళీ మొదటి నుంచి.

"ఆరాయే సూరమ్మా," అన్నారు మావగారు.

"ఉండండి. ఇంకా తడిగా ఉన్నాయి," అంది.

ఆయన చేతులు అలాగే చాపి, చిన్నపిల్లాడిలా నిలబడ్డారు. ఆవిడ వదిలిపెట్టేదాకా మేమెవరం కదల్లేదు.